పస్తు పెట్టే చేయి

సీసాను వెలుతురులోకి ఎత్తి చూస్తే అడుగున ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడమే సరి. వదిన మూతను గోటితో రెండుసార్లు మీటి, సీసాను గిరగిర తిప్పే చిన్న యంత్రంలో పెట్టింది. మూతకు అంటుకున్న పొడి ఏమైనా ఉంటే అడుక్కి దిగుతుంది. అలా తిప్పకుండా ఆత్రంగా తెరిచేవాళ్ళు సగం సరుకును మూతతో సహా పారేసుకుంటారు. పారేసుకుని ఊరుకోరు. ఖాళీ సీసా అంటగట్టారని ఫోన్ చేసి తగువుకొస్తారు. ఆ ఫోన్లన్నీ తిరిగి తిరిగి వదిన దగ్గరికే వస్తాయి.

"ఖాళీ కాదండీ, ఉంది. కంటికి ఆనదంతే," అంటుంది ఆవిడ, ఇన్నేళ్ళుగా అదే గొంతుతో.

అచ్చాఫీసు పైన రెండో అంతస్తులో వదిన పనిచేసే సంస్థకు నాలుగు గదులున్నాయి. కింద అచ్చుయంత్రం తిరుగుతున్నప్పుడు నేల సన్నగా అదురుతుంది. అదురు ఆగేదాకా సూక్ష్మదర్శినిలో ఏదీ నిలవదు. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడ యజమాని దగ్గర్నుంచి గదులు ఊడ్చే మనిషి దాకా ఆమె అందరికీ వదినే. అసలు పేరు జీతం ఇచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. యాభై దాటిన మనిషి, పొట్టి, కొంచెం లావు. తొడుగులు వేసి తీసి వేసి తీసి చేతులు మాత్రం ఎప్పుడూ నానిన శనగల్లా ముడతలు పడి ఉంటాయి.

వాళ్ళు తయారుచేసేది ఒక ప్రోటీన్. చర్మానికి దెబ్బ తగిలితే, కొత్త చర్మాన్ని పెంచమని ఒళ్ళు తనలో తాను పంపుకునే కబురు లాంటిది. దాన్ని మనిషి నుంచి తీయరు. ఎలా తయారుచేయాలో చెప్పే మనిషి జన్యువును సూక్ష్మజీవుల్లో పెట్టి, వాటి చేత చేయిస్తారు. పక్కగదిలో ఉక్కు పాత్రల దగ్గర ఆ పని చూసే ఆయనను అందరూ వంటాయన అంటారు. ఆయన వండి, వడగట్టి, చలిలో ఆరబెట్టిన దాన్ని ప్రయోగశాలలు కొనుక్కుంటాయి. సీసా మీద 'పరిశోధన కోసం మాత్రమే, మనుషులకు వాడరాదు' అని రాసి ఉంటుంది. ఒకసారి ఆ చీటీ చదివించుకుని వదిన అత్తగారు పగలబడి నవ్వింది.

"మనుషులదేనట, మనుషులకు మాత్రం వాడకూడదట! అయితే ఇంకెవరికే, మీ మేనేజరుకా?"

వదిన పొడి మీద చల్లని నీరు చుక్కలు చుక్కలుగా వదిలింది. కుదపలేదు. కుదిపితే నురగ వచ్చి సరుకు పాడవుతుంది. పసిపిల్ల నోట్లో ఉగ్గు జారవిడిచినట్టు గోడవారగా జారవిడిచి, కరిగేదాకా పక్కన పెట్టి, వెచ్చని పెట్టె తలుపు తెరిచింది. నిన్న పస్తు పెట్టిన కణాల ప్లేటు లోపల ఉంది. చర్మకణాలను ఒక పూట పస్తు పెట్టి, ఆ తర్వాత ప్లేటులోని కొన్ని గుంటల్లో ఈ ప్రోటీన్ వేసి, కొన్నింటిలో ఏమీ వేయకుండా వదిలేసి, ఏవి పెరిగాయో చూడాలి. వంటాయన వండింది పనికొచ్చేదో కాదో తేలేది అక్కడే. ముందు పస్తు పెట్టకపోతే అన్నీ ఒకేలా పెరుగుతాయి, ఏదీ తేలదు.

ప్లేటు బయటికి తీసి వెలుతురులో పట్టుకుంది.

గులాబీ రంగులో ఉండాల్సిన నీళ్ళు నారింజ రంగుకు తిరిగి ఉన్నాయి. కణాలు తిన్నాయంటేనే రంగు అలా తిరుగుతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. పస్తున్న కణాలు చదునుగా, సన్నగా, ఎవరి లోకంలో అవి ఉన్నట్టు పడుకుని ఉంటాయి. ఇవి బొద్దుగా నిగనిగలాడుతున్నాయి. చాలా చోట్ల ఒకటి రెండవుతోంది. ప్లేటు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అంతే.

"వదినా, నా సరుకు పాసా ఫెయిలా?" అంటూ వంటాయన తలుపు దగ్గరికొచ్చాడు. పొడుగు మనిషి, గుమ్మంలో ఎప్పుడూ తల వంచుకునే నిలబడతాడు.

"నీ సరుకు సంగతి దేవుడెరుగు. నేను ఫెయిలు."

ఆయన వచ్చి కన్ను పెట్టి చూశాడు. "ఇవి పస్తున్నాయా? పెళ్ళిభోజనం చేసి భుక్తాయాసంతో పడుకున్నట్టున్నాయే!"

"నిన్న సాయంత్రం సీసా మారిపోయింది. పస్తునీళ్ళ బదులు తిండి పోశాను."

"మీరా?"

ఆ ఒక్క మాటలో ఉన్న ఆశ్చర్యమే వదినకు సూదిలా గుచ్చుకుంది. రెండు సీసాల్లోనూ గులాబీ నీళ్ళే, నిజమే. కానీ తిండి సీసాను కాస్త కదిపితే నురగ కడుతుంది, పస్తుసీసాకు కట్టదు. కళ్ళు మూసుకున్నా ఆమెకు తెలిసే తేడా అది. నిన్న సాయంత్రం పనికి కూర్చోబోయే ముందు ఇంటి నుంచి భర్త ఫోన్ చేశాడు. "రేపు సాయంత్రం నర్సు వస్తానంది. అమ్మకు గొట్టం వేసేస్తుంది. నువ్వు కాస్త తొందరగా రా," అన్నాడు. ఆమె సరేనంది. తొడుగులు వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత చేయి ఏ సీసా మీదికి వెళ్ళిందో మనసు చూడలేదు.

అత్తగారికి పక్షవాతం రెండోసారి వచ్చాక తిండి గొంతు దిగడం మానేసింది. జావ కూడా పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతోంది. డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. ముక్కులోంచి గొట్టం వేస్తే ఇంకొన్నాళ్ళు, వేయకపోతే కొద్దిరోజులు. వేస్తే సుఖపడుతుందని నేను చెప్పలేను, ఇంట్లో ఆలోచించుకోండి అన్నాడు. భర్త ఆలోచించలేదు. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. "నూనె చుక్క పోయకుండా ఏ మిషనైనా ఎన్నాళ్ళు నడుస్తుంది? గొట్టమే వేద్దాం," అన్నాడు.

అత్తగారిని మాత్రం ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పింది, అదీ కోడలితో. కిందటి వారం ఒళ్ళు తుడుస్తుంటే మణికట్టు పట్టుకుని ఆపింది.

"అమ్మాయ్, నా ముక్కులో ఏమీ దూర్చనివ్వకు."

"మీ అబ్బాయితో చెప్పండి అత్తయ్యా."

"వాడి మొహం చూస్తే నాకు మాట పెగలదు. నీతో అయితే ఎంతైనా అంటాను, అలవాటైన ప్రాణం." కాసేపు ఆయాసపడి మళ్ళీ అంది. "నీ సీసా పిల్లల్ని పస్తు పెడతావుగా. చావరు, నెమ్మదిస్తారు అన్నావు. నన్నూ పెట్టు. నెమ్మదిస్తాను."

ఎప్పటి మాట అది! కూతురు బడికి కూడా వెళ్ళని రోజుల్లో, ఒక సెలవు రోజున అందరూ ఎటో వెళ్ళాల్సి ఉంటే, కణాలకు తిండి పెట్టి పోదామని వదిన అందర్నీ వెంటబెట్టుకుని ఇక్కడికి తెచ్చింది. కణాలకు సెలవుల్లేవు. ఎవరింట్లో ఏ పనున్నా వాళ్ళ వంతు వదిన మీదే పడేది. అత్తగారు సూక్ష్మదర్శినిలోకి ఒక కన్ను గట్టిగా మూసుకుని చూసి, "ఇదా నీ రెండో సంసారం? నోళ్ళు లేవు, అదృష్టవంతురాలివి," అంది. పస్తు సంగతి విని, "పాపం, ఎందుకే?" అని నొచ్చుకుంది కూడా. పిల్ల మొదటి అడుగు వేసింది ఆవిడ ముందే. మొదటి పన్ను ఊడింది ఆవిడ చేతిలోనే. సాయంత్రం వదిన ఇల్లు చేరేసరికి, "నీ సీసా పిల్లలు తిన్నారా? అయితే ఇక నా కొడుక్కి పెట్టు," అని గుమ్మంలోనే చురక అంటించేది. అని, అప్పటికే వండి మూత పెట్టిన గిన్నెలు చూపించేది.

మణికట్టు పట్టుకున్న ఆ రోజు నుంచి వదిన భర్తతో చెప్పాలనుకుంటూనే ఉంది. పొద్దున టీ ఇస్తూ చెబుదామనుకుంది. దీపం తీసేముందు చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది.

"గొట్టం ఇవాళేనటగా?" అన్నాడు వంటాయన. "పోనీలెండి. కడుపులోకి ఏదో ఒకటి పోతుంది."

వదిన ప్లేటులోని నారింజ నీళ్ళను సన్నని గొట్టంతో పీల్చేస్తూ, తల తిప్పకుండా అంది. "ఆవిడ వద్దంది."

"ఎవరితో?"

"నాతోనే."

"అన్నయ్యకు చెప్పారా మరి?"

"ఎలా చెప్పను? ముసలావిడకు కోడలు తిండి ఆపించిందంటారు. ముందు ఆయనే అంటాడు. తర్వాత వీధంతా అంటుంది. పాతికేళ్ళు నన్ను ఆడిపోసుకుందని కక్ష తీర్చుకున్నానంటారు."

వంటాయన గడ్డం గోక్కున్నాడు. "కొత్త ప్లేటు పస్తు పెట్టాలిగా. నేను పోయనా?" అన్నాడు.

"వద్దు. నేనే పోస్తాను."

కొత్త ప్లేటు తెచ్చుకుంది. ఉప్పునీళ్ళతో రెండుసార్లు కడిగింది. ఎక్కడా తిండి జాడ మిగలకూడదు. సీసా చేతిలోకి తీసుకుని కొంచెం తిప్పి చూసింది. నురగ కట్టలేదు. అయినా పోయబోతుంటే చేయి ఆగింది. ఇన్నేళ్ళలో ఎన్ని ప్లేట్లు పస్తు పెట్టిందో లెక్కలేదు, ఎప్పుడూ ఆగని చేయి. నిన్న ఆ చేయి పొరపాటు పడలేదు, భయపడింది. తిండి పెడితే ఎవరూ ఏమీ అనరని పెట్టేసింది. ఆ సంగతి ఇప్పుడు తన చేతిని తాను చూసుకుంటుంటే ఆమెకు తెలిసింది. పెట్టినంతసేపూ అడగలేదు, ఎవరికి కావాలో, ఎవరికి వద్దో.

ఒక్కో గుంటలో పస్తునీళ్ళు పోసి, ప్లేటును వెచ్చని పెట్టెలో పెట్టి తలుపు వేసింది. తొడుగులు ఊడదీసింది. కరిగించిన ప్రోటీన్‌ను చల్లపెట్టెలో దాచింది.

"రేపు పొద్దున వస్తాను. మేనేజరు అడిగితే ఒకరోజు ఆలస్యం నా వల్లేనని చెప్పు," అంది.

"నా వంట మాడిందని చెబుతాలెండి. నమ్ముతాడు."

*

ఇంటి ముందుగదే భర్త దుకాణం. కప్పులు ఊడదీసిన కుట్టుమిషన్లు గోడవారగా వరసలో ఉన్నాయి. గదంతా మిషన్ నూనె వాసన. వెనకగదిలో అత్తగారి మంచం పక్కన అప్పటికే నర్సు సంచి విప్పి, గొట్టం, జిగురుపట్టీ ఒక గుడ్డ మీద సర్దుతోంది. భర్త చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి మంచం తలవైపు నిలబడ్డాడు. తల్లి తల తానే పట్టుకుంటానన్నాడట.

"వచ్చావా? ఆ దిండు ఇటందుకో," అన్నాడు.

వదిన దిండు అందుకోలేదు. సంచీ భుజం మీద నుంచి కూడా దించలేదు.

"ఏమండీ, అత్తయ్యకు ఇది ఇష్టం లేదు."

"ఏది?"

"గొట్టం. కిందటి వారం నాతో చెప్పింది. మీకు చెప్పమంది. నేను చెప్పలేదు."

నర్సు చేతులు ఆగాయి. భర్త మొహం మొదట అర్థం కానట్టుంది, తర్వాత ఎర్రబడింది.

"ఆవిడ చెప్పిందా, నువ్వు చెప్పించావా? మా అమ్మ తిండి వద్దంటుందా? తినడానికి ఇంత, తిట్టడానికి ఇంత ఓపిక దాచుకునే మనిషి!"

"నన్నడగొద్దు. ఆవిడనే అడగండి."

"అడిగేదేముంది? ఈ స్థితిలో ఆవిడకేం తెలుస్తుంది? నీకు చాకిరీ తప్పుతుందని..." అని, మాట మధ్యలో తనే ఆగిపోయాడు. కానీ అన్నది అన్నట్టే గదిలో ఉండిపోయింది. వారం నుంచి వదిన భయపడింది ఆ మాటకే. వచ్చేసింది. వచ్చాక అనుకున్నంత బరువుగా లేదు. ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

మంచం మీద నుంచి మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. ముగ్గురూ అటు చూశారు.

"అమ్మాయ్, నా పళ్ళు ఇటివ్వు."

"ఇప్పుడెందుకు అత్తయ్యా?"

"బోసినోటితో చెబితే వీడు వినడు."

వదిన గాజుగిన్నెలోంచి కట్టుడుపళ్ళు తీసి, నీళ్ళు దులిపి, ఆవిడ నోట్లో పట్టించింది. ముడుచుకున్న బుగ్గలు నిలబడ్డాయి. మొహం మళ్ళీ ఆ పాత మొహమైంది. ఒకప్పుడు సినిమాహాల్లో ఆడవాళ్ళ వైపు టికెట్లు చింపుతూ, దొంగచాటుగా దూరేవాళ్ళను మెడపట్టి గెంటిన మొహం.

"ఒరే, నేనే చెప్పమన్నాను. దానికి ధైర్యం చాలక ఇన్నాళ్ళు నాన్చింది." మాట మాటకూ ఆగుతూ చెబుతోంది. "బొమ్మ అయిపోయాక కూడా కుర్చీలు పట్టుకు కూర్చునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళుమంట. తెలుసుగా నీకు. లైట్లు వేసి లేపేదాన్ని. నన్ను ఎవరూ లేపక్కర్లేదు, నేనే లేస్తాను."

"అమ్మా, గొట్టం వేస్తే నొప్పుండదే. ఈవిడ మెల్లగా వేస్తుంది."

"నొప్పి కాదురా నాన్నా. చాలు."

భర్త మంచం అంచున కూలబడ్డాడు. తల్లి తల పట్టుకోవడానికి కడుక్కున్న చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆవిడ నర్సు వైపు చూపు తిప్పింది.

"ఇదిగో, నువ్వు బయటి మనిషివి, నువ్వే సాక్షి. రేపు ఎవరైనా కోడలు కడుపు మాడ్చి చంపిందంటే నోరు మూయించు. దాని వంటకి నేను వంకలు పెట్టానే గానీ, అది నాకు పెట్టని పూట లేదు."

"అలాగే పెద్దమ్మా," అంది నర్సు. గొట్టాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకుంది. తడిగుడ్డతో పెదాలు ఎలా తడపాలో, నోరు ఎలా తుడవాలో, పక్కకు ఎలా తిప్పి పడుకోబెట్టాలో చూపించింది. భర్త కళ్ళు తుడుచుకుని, తడపడం తనకు నేర్పమన్నాడు. మొదటిసారి మరీ ఎక్కువ తడిపాడు. నీళ్ళు మెడ మీదికి కారాయి.

"స్నానం చేయిస్తున్నావేంట్రా?" అంది ఆవిడ.

వదినకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి, అక్కడ గట్టు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

*

మర్నాడు పొద్దున వెళ్ళి ప్లేటు చూసింది. కణాలు సన్నగా, నెమ్మదిగా ఉన్నాయి. ప్రోటీన్ వేయాల్సిన గుంటల్లో వేసి, మిగతా పని వంటాయనకు అప్పజెప్పి సెలవు అడిగింది. ఉద్యోగంలో చేరాక కాన్పుకు తప్ప ఇన్ని రోజులు ఎప్పుడూ సెలవు అడగలేదని మేనేజరు తనలో తాను అనుకున్నట్టే పైకే అన్నాడు.

ఆ రోజుల్లో అత్తగారు తక్కువ మాట్లాడింది. కూతురు దూరం నుంచి వచ్చి, నాయనమ్మ పాదాలకు నూనె రాసి, రెండు రాత్రులు పక్కనే పడుకుని వెళ్ళింది. భర్త దుకాణం మూయలేదు, అలాగని తల్లిని వదల్లేదు. పాడైన మిషన్ ఒకటి వెనకగదిలోకే తెచ్చుకుని, మంచం పక్కన నేల మీద విప్పుకుని కూర్చున్నాడు. ఆవిడకు ఆ టకటక కొడుకు చిన్నప్పటి అల్లరిలా ఉంటుందట. వింటూ నిద్రపోయేది.

ఒక మధ్యాహ్నం వదిన పెరట్లో ఉతికిన దుప్పటి పిండుతుంటే లోపల మిషన్ చప్పుడు ఆగింది. మళ్ళీ కొంచెం తిరిగి మళ్ళీ ఆగింది. తడిచేతులతోనే ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"చూడమ్మా, గరగర పోయింది. వింటున్నావా?" అంటున్నాడు భర్త, చక్రం మీద చేయి వేసుకుని. తల ఎత్తి భార్యను చూశాడు. "పడుకున్నట్టుంది," అన్నాడు.

ప్రాణమున్నవాటిని రోజూ చూసే కన్ను వదినది. గుమ్మంలోనే తెలిసిపోయింది. వచ్చి భర్త పక్కన నేల మీద కూర్చుంది. అతనికి కూడా తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

వచ్చినవాళ్ళు వచ్చారు. ఎదురింటావిడ ముక్కు మీద వేలు వేసుకుని, "చివర్లో ఏమీ పెట్టలేదటగా?" అంది, కోడలి వైపు చూస్తూ.

"మా అమ్మ వద్దంది," అన్నాడు భర్త. "నాతో చెప్పింది."

ఎదురింటావిడ ముక్కు మీది వేలు తీసేసింది.

పని మీదికి వెళ్ళాల్సిన రోజు పొద్దున వదిన తొందరగా లేచి ఆ గది ఊడ్చింది. పరుపు ఎండకు పోయింది. మంచం ఖాళీ చట్రంలా ఉంది. కిటికీ గట్టు మీద కట్టుడుపళ్ళ గాజుగిన్నె అలాగే ఉంది. నీళ్ళ మీద సన్నగా దుమ్ము పట్టింది. ఆమె గిన్నె తీసుకెళ్ళి, పాతనీళ్ళు పారబోసి, కొత్తనీళ్ళు పోసి, తెచ్చి యథాస్థానంలో పెట్టింది. పెట్టాక గానీ తెలియలేదు తనేం చేసిందో. అయినా తీయలేదు. నీళ్ళు కదలడం ఆగాక, పై వరసలో వేరుశనగ కాయ కొరికి ఆవిడ విరగ్గొట్టుకున్న పన్ను, అంచు కొంచెం పోయి, ఉదయపు వెలుతురులో తెల్లగా కనిపించింది.